ఇంట్లో కట్టిన పాత ఫిక్సీ సైకిల్ నెల్లూరులో అమ్మాలంటే: ఏ దారిలో డబ్బు, ఏ దారిలో తలనొప్పి

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత పాత సైకిళ్ళ విషయంలో అక్షరాలా నిజం. పాత హెర్క్యులిస్ ఫ్రేము కోసం స్టోన్‌హౌస్‌పేట నుంచి వేదాయపాళెం దాకా సైకిల్ షాపులన్నీ తిరిగినప్పుడు అది దొరకని సరుకు. దాన్ని గీకి, రంగేసి, ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే వెనక పళ్ళ చక్రం) పీకేసి, ఫిక్స్‌డ్ గేరుగా, అంటే ఫిక్సీగా కట్టుకుని కొన్నాళ్ళు తొక్కి, ఇప్పుడు అమ్ముదామని బయటికి తీస్తే "ఇదేందన్నా, స్టాండు లేదా, క్యారియర్ లేదా, వెనక బ్రేకు కూడా లేదా?" అని అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. మన ఊళ్ళో సైకిల్ అంటే నాలుగు సామాన్లు పెట్టుకుని తెచ్చుకునేది. తొక్కడం ఆపితే పెడళ్ళు ఆగని సైకిల్‌ని డబ్బిచ్చి కొనేవాళ్ళు నెల్లూరు, ఒంగోలు రెండూ కలిపి వెతికినా కొద్దిమందే ఉంటారు.

అందుకని "ఎంతకి అమ్మాలి?" అన్న ప్రశ్న తర్వాత. ఎవరికి అమ్మాలి అన్నది ముందు తేలాలి. సైకిల్ ఒక్కటే గానీ పాలు పోసే ఆయనకి అదొక బండి, చెన్నైలో ఉన్న సైకిల్ పిచ్చోడికి అదొక ఫ్రేమూ రెండు చక్రాలూ, హైవే మీద హోటల్ పెట్టినాయనకి అది గోడకి తగిలించే బొమ్మ. ముగ్గురికీ ఒకే మాట చెప్పి అమ్మబోతే ముగ్గురూ కొనరు.

ముందు మీ దగ్గర ఉన్నదేంటో చూసుకోండి

ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. గుడ్డ ముక్కకి కాస్త కిరోసినో డీజిలో అద్ది సీటు కింద ఫ్రేము జాయింటు దగ్గర, పెడళ్ళ ఇరుసు గొట్టం అడుగున తుడవండి. మట్టి, గ్రీజు పోయాక అంకెలు బయటపడతాయి. అది ఫ్రేము నంబరు. రంగు కింద పూడిపోతే పక్క నుంచి టార్చి వేసి చూస్తే నీడలో కనపడుతుంది. గీకడానికి బ్లేడు మాత్రం వాడకండి.

తర్వాత హ్యాండిల్ కింద, ముందు గొట్టం మీద ఉండే బ్యాడ్జి చూడండి. కొంగ తల ఉంటే రాలీ, మూడు తుపాకులు కలిపి నిలబెట్టినట్టుంటే బీఎస్‌ఏ. రాలీ అని ఉన్నంత మాత్రాన అది ఇంగ్లండుది కాదు. నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీ వేరు, ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ వాళ్ళు చేసిన రాలీ వేరు. మన వైపు కనపడే హెర్క్యులిస్, బీఎస్‌ఏ, ఫిలిప్స్ చాలావరకు మద్రాసు అంబత్తూరులోని టీఐ సైకిల్స్‌వి. ఆ కంపెనీ 1949లో మొదలైంది. అట్లాస్ 1951లో సోనీపట్‌లో, హీరో 1956లో లూధియానాలో మొదలయ్యాయి. ఇవన్నీ మంచి ఫ్రేములే, గట్టివే. కానీ సేకరించే వాళ్ళు ఎక్కువ డబ్బు పెట్టేది ఇంగ్లండు సైకిల్ మీద, అదీ పాత రంగు, బంగారు గీతలు, బ్యాడ్జి అన్నీ అలాగే ఉంటేనే. మీరు పౌడర్ కోటింగ్ చేయించి మెరిపించి ఉంటే ఆ వర్గం కొనుగోలుదార్లు మీకు లేనట్టే. పోయినదాని గురించి బాధపడి లాభం లేదు. అమ్మకానికని ఇప్పుడు కొత్తగా రంగు మాత్రం వేయించకండి. పాత రంగు కింద తుప్పు ఎంతుందో చూసి కొనాలనుకునేవాడికి, కొత్త రంగు చూడగానే ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది.

ఇక అసలైన చోటు వెనక చక్రం. ఇంట్లో కట్టిన ఫిక్సీల్లో ఇది మూడు రకాలుగా ఉంటుంది. ధర, ప్రమాదం రెండూ ఇక్కడే తేలతాయి.

మొదటిది అసలు ట్రాక్ హబ్బు, అంటే ట్రాకు రేసుల సైకిళ్ళకని చేసిన చక్రం మధ్య గొట్టం. పళ్ళ చక్రం కుడి మర (కుడివైపు తిప్పితే బిగిసేది) మీద బిగుస్తుంది, దాని బయట చిన్న లాక్‌రింగు ఎడమ మర (ఎడమవైపు తిప్పితే బిగిసేది) మీద బిగుస్తుంది. వెనక్కి తొక్కి ఆపేటప్పుడు పళ్ళ చక్రం ఊడే వైపు తిరగబోతే లాక్‌రింగు ఇంకా బిగుసుకుని దాన్ని కదలనివ్వదు. రెండోది మామూలు ఫ్రీవీల్ హబ్బుకే ఫిక్స్‌డ్ పళ్ళ చక్రం ఎక్కించి, పెడళ్ళ ఇరుసు దగ్గర వాడే లాక్‌రింగుని బయట బిగించడం. మర రెండింటిదీ ఒకటే కాబట్టి పడుతుంది. కానీ రెండూ కుడి మరే. గట్టిగా వెనక్కి తొక్కితే రెండూ కలిసి ఊడొస్తాయి. మూడోది మన ఊళ్ళో ఎక్కువగా కనపడేది: ఉన్న ఫ్రీవీల్‌నే వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళి నాలుగు చుక్కలు పెట్టించడం. ఖర్చు తక్కువే గానీ, ఆ వేడికి ఫ్రీవీల్‌లో గట్టిదనం పోతుంది, చుక్క విరిగితే ఒక్కసారిగా మళ్ళీ ఫ్రీ అయిపోతుంది. అది కూడా కుడి మర మీదే ఉంది కాబట్టి ఊడే ప్రమాదం ఎలాగూ ఉంది.

ఎలా గుర్తుపట్టాలి? కుడివైపు చైన్ పక్కన వంగి చూడండి. పళ్ళ చక్రం బయట, దానికంటే చిన్నగా, అంచున గాట్లు ఉన్న రింగు కనపడితే మొదటిదో రెండోదో. ఆ రింగు కూర్చున్న మెట్టు పళ్ళ చక్రం మెట్టుకంటే సన్నగా, విడిగా ఉంటే ట్రాక్ హబ్బు. గాట్ల రింగు లేకుండా నల్లగా కాలిన చుక్కలు ఉంటే వెల్డింగ్ పని.

వెల్డింగ్ పనో, రెండో రకమో అయితే దాన్ని ఫిక్సీ అని చెప్పి ఎవరికీ అమ్మకండి. ఇది బేరం విషయం కాదు. కొనేది పదిహేడేళ్ళ కుర్రాడు అవుతాడు, వాడు మొదటి రోజే రైల్వే ఓవర్‌బ్రిడ్జి దిగుతాడు.

బ్రేకుల సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. పాత నల్ల సైకిళ్ళకి కడ్డీ బ్రేకులు ఉండేవి. వాటి రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి, బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి అంచుని పైకి పట్టుకుంటుంది. అలాంటి రిమ్ముకి పక్క నుంచి నొక్కే కాలిపర్ బ్రేకు పెడితే సరిగా పట్టదు. చాలామంది అందం కోసం కడ్డీలు తీసేసి, కాలిపర్ పనిచేయక, చివరికి బ్రేకే లేకుండా వదిలేస్తారు. జపాన్‌లో 1948 నుంచి జరుగుతున్న కెయిరిన్ రేసుల్లో బ్రేకులు లేని ఫిక్స్‌డ్ సైకిళ్ళే తొక్కుతారు, నిజమే. అది మూసిన ట్రాకు. ట్రంకు రోడ్డు మీద అడ్డంగా ఆటో వచ్చినప్పుడు కెయిరిన్ కబుర్లు పనికిరావు.

ఉన్నదున్నట్టు ఊళ్ళోనే అమ్మితే

సులువుగా కనపడే దారి ఇదే, ఎక్కువ రోజులు పట్టేదీ ఇదే. నెల్లూరు చుట్టుపక్కల నేల చదునుగా ఉంటుంది. మైపాడు వైపో, ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపో పొద్దున్నే వెళితే ఒక్క గేరుతో హాయిగా తొక్కొచ్చు. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉంటే ఒక తొక్కుకి ఐదు మీటర్ల పైచిలుకు పోతుంది. నిమిషానికి 80 తొక్కులు తొక్కితే గంటకి పాతిక కిలోమీటర్ల దరిదాపు. కాబట్టి ఫిక్సీకి ఇక్కడి నేల సరిపోతుంది. సరిపోనిది సంత. పొద్దున సైకిల్ గ్రూపుల్లో తిరిగేవాళ్ళు గేర్ల సైకిల్‌కి పోతారు, లేదంటే డిస్కు బ్రేకులు కావాలంటారు. కాలేజీ కుర్రాళ్ళు రీల్సులో చూసి ముచ్చటపడి వస్తారు, ఫొటోలు దిగుతారు, "మళ్ళీ కాల్ చేస్తా అన్నా" అని పోతారు.

ఒక్క మాట మర్చిపోకూడదు. చైన్ కవర్ లేని ఫిక్సీలో లుంగీ అంచో, చున్నీయో, ప్యాంటు కాలో చిక్కితే మామూలు సైకిల్‌లో లాగా పెడలు ఆపి విడిపించుకోలేరు. చక్రం తిరుగుతున్నంతసేపూ చైన్ లాక్కుపోతూనే ఉంటుంది. వేళ్ళ సంగతీ అంతే. సైకిల్ తలకిందులుగా పెట్టి, చక్రం తిప్పుతూ గుడ్డతో చైన్ తుడిచి వేలు పోగొట్టుకున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. కాబట్టి అమ్మకానికి ఇంటి ముందు పెట్టినప్పుడు చిన్నపిల్లలు చక్రం తిప్పే చోట పెట్టకండి.

ట్రాక్ హబ్బు, పనిచేసే ముందు బ్రేకు ఉండి, మీకు తొందర లేకపోతేనే ఈ దారి. అప్పుడు కూడా ధర ఎక్కువ ఆశించకండి. ఒక్కడే కొనేవాడు ఉన్నప్పుడు బేరం వాడి చేతిలో ఉంటుంది.

మళ్ళీ ఫ్రీవీల్ వేసి మామూలు సైకిల్‌గా అమ్మితే

మామూలు ఇండియన్ ఫ్రేమైతే నేను ముందుగా చెప్పేది ఈ దారే, కుర్రాళ్ళకి ఎంత చేదుగా ఉన్నా సరే. ఏ సైకిల్ షాపులోనైనా 18 పళ్ళ ఫ్రీవీల్ దొరుకుతుంది. వెల్డింగ్ చేసిన ఫ్రీవీల్ తీయడమే కాస్త కష్టం. తీసే గాట్లు వెల్డింగ్‌లో మూసుకుపోతే మెకానిక్కు వైస్‌లో బిగించి చక్రాన్నే తిప్పి ఊడదీయాలి. ఆ తర్వాత బ్రేకులు, మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్, బెల్లు. పీకేసినవి ఇంట్లో గోతాంలో ఉంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది. చక్రాలు బెండు తీయించి, హబ్బుల్లో గోళీలు కడిగి గ్రీజు పెట్టిస్తే చాలు.

ఇప్పుడు కొనేవాళ్ళు ఎవరు? వాచ్‌మన్లు, పేపరు వేసే కుర్రాళ్ళు, చెరువుల మీద పనికి పోయేవాళ్ళు, పిల్లాడిని హైస్కూల్లో వేసిన తల్లిదండ్రులు. జూన్‌లో బళ్ళు తెరిచే ముందు ఈ గిరాకీ పెరుగుతుంది. వీళ్ళకి వింటేజ్ అన్న మాటతో పని లేదు, పైగా ఆ మాట వింటే పాతదని ధర తగ్గిస్తారు. "గట్టి ఫ్రేము, కొత్త ఫ్రీవీల్, కొత్త బ్రేకు రబ్బర్లు, టైర్లు బాగున్నాయి" అని చెప్పండి, అంతే.

ఈ దారిలో ధర ఒక హద్దు దాటి పెరగదు. కొత్త నల్ల సైకిల్ షాపులో ఎంతో అడిగి రండి. పాతదానికి మీరు అడిగే ధర దానికి దగ్గరగా వెళ్ళిందంటే ఎవరూ రారు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఆ మేరకు పాతవాటి ధర మీద కూడా ఒత్తిడి పడింది. "పోయినేడాది మా ఫ్రెండు ఇంతకి అమ్మాడు" అన్న లెక్క పట్టుకోకుండా ఈ నెల షాపు ధర పట్టుకోండి.

చెన్నై, బెంగళూరు వాళ్ళకి అమ్మితే

పెరటి చెట్టు మందుకు పనికిరాదు అన్నట్టు, ఇక్కడ ముఖం చిట్లించే సైకిల్‌ని అక్కడ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఉంటారు. పాత సైకిళ్ళు సేకరించేవాళ్ళు, ఫిక్సీలు కట్టేవాళ్ళు పెద్ద ఊళ్ళలోనే ఎక్కువ. నెల్లూరుకి ఇక్కడొక సౌకర్యం ఉంది: చెన్నై 175 కిలోమీటర్ల దూరమే, పొద్దున రైలెక్కినవాడు మధ్యాహ్నానికి సైకిల్ చూసుకుని సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. ఒంగోలు నుంచైతే 290 కిలోమీటర్ల దరిదాపు, అప్పుడు కొనేవాడు రావడం తక్కువ, మీరు పంపడం ఎక్కువ.

ఈ వర్గం అడిగే ప్రశ్నలు వేరు. వెనక ఫోర్కు సందు ఎన్ని మిల్లీమీటర్లు అని అడుగుతారు. పాత రోడ్‌స్టర్లకి (మామూలు నల్ల సైకిళ్ళకి) అది 110 నుంచి 114 మధ్య ఉంటుంది, ట్రాక్ హబ్బు 120. మీరు ఫ్రేము వెనక కాళ్ళని వెడల్పుగా లాగి హబ్బు ఎక్కించి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. పెడళ్ళ ఇరుసు మర అడుగుతారు. నాటింగ్‌హామ్ రాలీలకి అంగుళానికి 26 చుట్లు, మిగతా ఇంగ్లిషు తరహా సైకిళ్ళకి 24. తప్పు చెబితే వాళ్ళు కొన్న సామాను పట్టదు, సైకిల్ వెనక్కి పంపుతామని గొడవ. చక్రాలు 28 అంగుళాలవా, 26 అంగుళాలవా, 700సి వా అని అడుగుతారు. 28 అన్న పేరు మీద రిమ్ములు రెండు మూడు సైజుల్లో వస్తాయి కాబట్టి టైరు పక్కన అచ్చేసిన అంకెలకి ఫొటో తీసి పంపేయండి: 635 అని ఉంటే పాత రోడ్‌స్టర్ రిమ్ము, 622 అని ఉంటే 700సి.

చైన్ అరుగుదల కూడా కొలిచి చెప్పొచ్చు. స్కేలు చైన్ మీద పెట్టి ఒక పిన్ను మధ్య సున్నా పెట్టి, దాని పక్క పిన్ను నుంచి ఒకటి, రెండు అని లెక్కపెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర రావాలి. పావు అంగుళంలో సగం, అంటే ఒక నూలు, దాటిందంటే చైన్ పని అయిపోయింది, పళ్ళు కూడా అరిగి ఉంటాయి. ఇలా కొలిచి చెప్పేవాడి మాట మీద దూరం నుంచి కొనేవాడికి నమ్మకం కుదురుతుంది. ఫొటోలు ఎంత బాగా తీసినా ఆ నమ్మకం రాదు.

పంపడం ఎలా? రైల్వే పార్సిల్ ఆఫీసులో సైకిల్ బుక్ చేయొచ్చు, ఆర్టీసీ కార్గో కౌంటర్లో కూడా అడగొచ్చు. సైజు, బరువు చెప్పి చార్జీ ముందే తెలుసుకుని, ఎవరు భరించాలో మాట్లాడుకోండి. విప్పేటప్పుడు ముందు చక్రం తీసి ఫోర్కు కాళ్ళ మధ్య చెక్క ముక్క పెట్టండి, లేకపోతే దారిలో వంగుతుంది. ఎడమ పెడలు ఎడమ మర, అటు ఇటు తెలియక బలవంతం చేస్తే మర పోతుంది. పెడలు కాళ్ళని ఇరుసుకి బిగించి ఉంచే కాటర్ పిన్నుల జోలికి పోకండి. సుత్తి దెబ్బకి పిన్ను తల ముద్దయిపోతే ఇక అది డ్రిల్లు పెట్టి తీయాల్సిందే.

ఈ దారిలో ధర బాగుంటుంది, ఓపిక కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి మన తీరంలో ఇనుము ఎలా తుప్పు పడుతుందో తెలిసిందే. క్రోము రిమ్ములున్న సైకిల్ అయితే వానల ముందే ఫొటోలు తీసి పెట్టుకోండి.

విడదీసి అమ్మితే

మంచి సామాను మామూలు ఫ్రేము మీద ఉంటే ఇదే లాభం. ట్రాక్ హబ్బుతో కట్టిన చక్రాల జత, అల్యూమినియం క్రాంకు (పెడలు బిగించే కాలు), బ్రూక్స్ తోలు సీటు, ఇవి ఒక్కోటిగా తొందరగా పోతాయి. పార్సిల్ చిన్నది, కొనేవాడికి కొలతలు సరిపోతే చాలు. గోతాంలో పడేసిన పాత సామాను కూడా ఒకసారి కుమ్మరించి చూడండి. పాత వెనక హబ్బు మీద స్టర్మీ ఆర్చర్ (ఇంగ్లండులో గేర్ల హబ్బులు చేసిన కంపెనీ) అని ఉంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన మూడు గేర్ల హబ్బుల మీద చాలావాటికి సంవత్సరం, నెల అంకెలు కొట్టి ఉంటాయి. 64, పక్కన 5 అంటే 1964 మే. కడిగి తిప్పితే తిరిగే హబ్బు అయితే దానికి కొనేవాళ్ళు ఉన్నారు. ఒకప్పుడు మునిసిపాలిటీలు సైకిళ్ళకి పన్ను కట్టించుకుని ఇచ్చిన బిళ్ళ హ్యాండిల్ దగ్గరో ఫోర్కు దగ్గరో ఉండిపోయి ఉంటే దాన్ని ఫ్రేముతోనే ఉంచండి. విడిగా దాని విలువ చిన్నది, ఫ్రేముకి మాత్రం అది పుట్టిన ఊరు చెబుతుంది.

ఇబ్బంది ఏంటంటే మంచివన్నీ వారంలో పోతాయి, చివరికి ఫ్రేమూ ఫోర్కూ గోడకి ఆనించి ఉండిపోతాయి. అందుకని విడదీసే ముందే ఫ్రేము కొనేవాడు ఉన్నాడో లేడో చూసుకోవాలి. నాటింగ్‌హామ్ రాలీ లాంటిదైతే మాత్రం విడదీయకండి. పీకేసిన పాత సామాను కూడా జత చేసి ఒకే మూటగా అమ్మండి.

అలంకారానికి అమ్మితే

దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసే ఫొటో స్టూడియోలు, హైవే హోటళ్ళు, కొత్తగా పెట్టిన కాఫీ షాపులు పాత సైకిల్ కొంటాయి. వాళ్ళకి వెనక హబ్బు ఏ రకమో అక్కర్లేదు, చక్రం బెండున్నా పర్వాలేదు, ముందు వెదురు బుట్ట తగిలిస్తే సంతోషం. వెల్డింగ్ ఫ్రీవీల్ సైకిల్‌ని ఏ మార్పూ చేయకుండా అమ్మడానికి నాకు సబబుగా కనపడే చోటు ఇదొక్కటే. అదీ చైన్ తీసేసి ఇవ్వాలి, ఎవడో షూటింగ్ మధ్యలో సరదాగా ఎక్కి తొక్కకుండా. బేరం ఒక్క మాటలో తేలిపోతుంది. అయితే ఇలాంటి కొనుగోలుదారు ఎప్పుడు దొరుకుతాడో చెప్పలేం.

ఇక పాత ఇనప కొట్టు. అది ఎంపిక కాదు, కింది గీత. మామూలు రోడ్‌స్టర్ 20 కిలోల పైమాటే, అన్నీ పీకేసిన ఫిక్సీ ఇంకా తక్కువ తూగుతుంది. కొట్టులో కిలో ధర అడిగి గుణించుకుంటే, ఏ బేరంలోనూ దిగకూడని అంకె మీకు తెలుస్తుంది.

డబ్బు లెక్క ఇలా వేయండి

కింది అంకెలు ఊహకి వేసినవి, మీ అంకెలు పెట్టుకుని చూసుకోండి. సైకిల్ కట్టడానికి మీకు 11,500 అయిందనుకుందాం. ఫ్రీవీల్ వేసి ఊళ్ళో అమ్మితే 3,500 వచ్చి, బాగుచేయడానికి 700 పోతే మిగిలేది 2,800, వారం పది రోజుల్లో పని అయిపోతుంది. చెన్నై ఆసామి 9,000 ఇచ్చి, ప్యాకింగు పార్సిల్ 1,200 మీరే పెట్టుకుంటే 7,800, కానీ రెండు నెలలు ఫోన్లు మాట్లాడాలి. విడదీస్తే చక్రాలు 4,500, ఫ్రేము 2,500, సీటూ హ్యాండిలూ 1,000, పార్సిళ్ళు 900 పోతే 7,100. ఆ ఫ్రేము పోకపోతే 5,000 లోపే. ఇనుము కింద 15 కిలోలు, కిలో 25 అనుకుంటే 375.

ఇందులో ఎక్కడా 11,500 తిరిగి రావడం లేదు. ఇంట్లో కట్టిన సైకిల్‌కి పెట్టిన ఖర్చు ధర కాదు. మీరు ఆదివారాలన్నీ కూర్చుని ఇసుక కాగితం రుద్దిన శ్రమకి కొనేవాడు పైసా ఇవ్వడు, ఇవ్వాల్సిన పనీ లేదు. ఈ సంగతి ఒప్పుకోలేనివాళ్ళు సైకిల్‌ని మెట్ల కింద పెట్టి మూడేళ్ళు "అమ్మకానికి ఉంది" అంటూనే ఉంటారు.

నన్నడిగితే: మామూలు ఇండియన్ ఫ్రేము, వెల్డింగ్ ఫ్రీవీల్ అయితే ఫ్రీవీల్ మార్చి జూన్‌లోపు ఊళ్ళో వదిలించుకోండి. మామూలు ఫ్రేము, మంచి చక్రాలు అయితే చక్రాలు చెన్నైకి, ఫ్రేముకి పాత చక్రాలు ఎక్కించి ఊళ్ళో. ఈ కలగలుపు దారిలోనే మొత్తం మీద ఎక్కువ మిగులుతుందని నా అభిప్రాయం. ఇంగ్లండు ఫ్రేము అయితే తొందరపడకండి, ఊళ్ళో ఎవరికీ చూపించకండి కూడా. "నా దగ్గర రెండు వేలున్నాయి, ఇచ్చెయ్ అన్నా" అనే దగ్గరి బంధువు ఒకరు తప్పకుండా తేలతారు, కాదంటే మాట పోతుంది.

ప్రకటన, అప్పగింత

షాపులో పెట్టి అమ్మించడం కంటే ఓఎల్‌ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో మీరే పెట్టుకోవడం నయం. ఫ్రీవీల్ వేసిన మామూలు సైకిల్‌కైతే మాత్రం షాపే మేలు, కొనేవాడు అక్కడికే వస్తాడు, షాపాయనకి కమీషన్ ఎంతో ముందే మాట్లాడుకుంటే సరి. ఫిక్సీకైతే ప్రకటన ఇలా ఉంటే చాలు:

"ఇంట్లో కట్టిన ఫిక్స్‌డ్ గేరు సైకిల్. హెర్క్యులిస్ ఫ్రేము, 22 అంగుళాలు, రంగు మార్చాను. 700సి చక్రాలు, వెనక ట్రాక్ హబ్బు, లాక్‌రింగు ఉంది. ముందు 44, వెనక 18 పళ్ళు. ముందు బ్రేకు ఉంది, వెనక బ్రేకు లేదు. తొక్కడం ఆపితే పెడళ్ళు ఆగవు, కొత్తవాళ్ళు తెలుసుకుని రండి. కింది గొట్టం మీద చిన్న సొట్ట ఉంది, ఫొటో చూడండి. మడ్‌గార్డులు, స్టాండు విడిగా ఉన్నాయి, అడిగితే ఇస్తాను. నెల్లూరు. ఆదివారం పొద్దున చూడొచ్చు."

సొట్ట సంగతి రాయడం వల్ల ధర తగ్గదు, వచ్చాక చూసి తగ్గించే బేరం తగ్గుతుంది. ఫొటోల్లో కుడివైపు నుంచి మొత్తం సైకిల్, బ్యాడ్జి, ఫ్రేము నంబరు, వెనక హబ్బు దగ్గరగా, సొట్ట, ఇవి చాలు. మిలిటరీలో పనిచేస్తున్నానని, చూడకుండానే కొంటానని, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమని ఎవరైనా అంటే అక్కడికక్కడ బ్లాక్ చేయండి. మీకు డబ్బు రావడానికి మీ యూపీఐ పిన్ను కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

తొక్కి చూస్తానన్నవాడిని ట్రంకు రోడ్డు మీదికి పంపకండి. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం చుట్టుపక్కల పొద్దున్నే ఖాళీగా ఉండే దారి చాలు. ముందు నిలబెట్టి, వెనక చక్రం ఎత్తి తిప్పి, పెడళ్ళు ఎలా తిరుగుతున్నాయో కళ్ళారా చూపించండి. ఎక్కాక మొదటి మలుపు దగ్గర అలవాటుగా కాలు ఆపబోతాడు, సీటు మీద నుంచి ఎగిరిపడతాడు. అందుకని సీటు కాస్త కిందికి దించి, లుంగీతో వస్తే మడిచి కట్టుకోమని చెప్పి, నెమ్మదిగా తొక్కమనండి.

పాత సైకిల్‌కి కాగితాలేవీ ఉండవు కాబట్టి తెల్లకాగితం మీద మీరే రాసివ్వండి: ఫ్రేము నంబరు, తేదీ, మొత్తం, ఫిక్స్‌డ్ గేరు అని తెలిసే కొన్నానన్న ఒక వాక్యం, ఇద్దరి సంతకాలు. రెండు కాపీలు. రేపు ఎవరైనా దొంగ సైకిల్ అన్నా, బ్రేకు లేదని చెప్పలేదన్నా అదే మీ జవాబు. డబ్బు పడిందని వచ్చిన మెసేజ్ చూసి కాదు, మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకున్నాకే తాళం చెవి చేతిలో పెట్టండి.